ఎముకలు తినే పక్షికి గొర్రెపిల్లల పేరు

పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే పని ఈ వేసవిలో నా నెత్తిన పడింది. ముప్పై రెండు పేజీలు, పేజీకో కొండ జంతువు. మంచు చిరుత, జడలబర్రె, కస్తూరి మృగం, ఇవన్నీ తెలుగులో పేర్లున్నవే కాబట్టి చకచకా సాగిపోయింది. ఇరవై మూడో పేజీ తిప్పితే లామర్‌గయర్. బొమ్మ మాత్రం అదిరింది. తుప్పు రంగు రొమ్ము, కంటి చుట్టూ ఎర్రటి వలయం, ముక్కు కింద నల్ల వెంట్రుకల కుచ్చు, కాళ్ళతో పట్టుకున్న పెద్ద ఎముక. హిమాలయాల్లో లద్దాఖ్ నుంచి అరుణాచల్ దాకా ఉండే పక్షి, కృష్ణా తీరంలో కనబడేది కాదు. మనం చూడని దానికి మన దగ్గర పేరెందుకు ఉంటుంది? అలాంటప్పుడు అనువాదకులు చేసే బద్ధకపు పని ఒకటుంది, నేనూ అదే చేశాను. జర్మన్ మాటను విడగొట్టాను. లామ్ అంటే గొర్రెపిల్ల, గయర్ అంటే రాబందు. 'గొర్రెపిల్లల రాబందు' అని రాసేసి టీ పెట్టుకోవడానికి లేచాను.

అప్పుడు అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. సత్యనారాయణపురంలో మాది రెండో అంతస్తు. మెట్లెక్కడం కష్టమని వచ్చినప్పుడల్లా విసుక్కుంటుంది గానీ ఎక్కాక దిగదు. కాగితం కనబడితే చదవాల్సిందే, మిరపకాయ బజ్జీలు కట్టిన పొట్లమైనా సరే. నేను టీ గ్లాసుతో వచ్చేసరికి ఆ పేజీ ఆవిడ చేతిలో ఉంది.

"ఏరా, ఇది గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందా?"

"దాని పేరే అదమ్మా."

"పేరు సంగతి కాదు నేనడిగేది. కింద నువ్వే రాశావుగా, తినేదాంట్లో ముప్పాతిక వంతు ఎముకలేనని. మరి గొర్రెపిల్ల ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి. ఒకే పేజీలో పైన ఒకటి, కింద దానికి పూర్తి విరుద్ధంగా ఇంకొకటి రాసుకుని చూసుకోలేదు. ఆ రాత్రి కూర్చుని ఆ పక్షి గురించి దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. పక్షి మీద కాదు, దాని పేరు మీద.

ఆ పక్షి బతుకు ఎలాంటిదో ముందు చెప్పాలి. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. బరువు ఐదారు కిలోలు. మిగతా రాబందులు చచ్చిన జంతువు మీద పడి మాంసమంతా ఊడ్చేశాక, నక్కలూ కాకులూ తమ వంతు కానిచ్చుకున్నాక, తీరిగ్గా వస్తుంది. దానికి కావలసింది ఎవరికీ అక్కర్లేని ఎముకలు. తిండిలో డెబ్భై నుంచి తొంభై శాతం దాకా అవే. చిన్నవైతే అలాగే మింగేస్తుంది. గొంతు పట్టని తొడ ఎముకైతే కాళ్ళతో పట్టుకుని యాభై మీటర్లో, వంద మీటర్లో పైకి లేచి, కింద బండ చూసుకుని వదులుతుంది. పగలకపోతే మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ వదులుతుంది. ఒకే బండ మీద తరాల తరబడి ఇదే పని జరిగి, ఆ రాళ్ళ చుట్టూ ఎముకల పెంకులు గుట్టలు పడి ఉంటాయట. ఇక కడుపులో ఆమ్లం ఎంత ఘాటుదంటే, పెద్ద ఎముకైనా ఒక్క రోజులో కరిగిపోతుంది. పైగా ఎముకకు మాంసంలా కుళ్ళు పట్టదు. మంచు కొండల్లో నెలల తర్వాత దొరికినా అందులో కొవ్వు, మాంసకృత్తులు మిగిలే ఉంటాయి. అందరూ వదిలేసింది తిని బతకడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను వినలేదు.

మర్నాడు ఆదివారం. మటన్ కొట్లో "మూలుగ ఎముకలు నాలుగు వేయి" అని అడిగి తెచ్చాను. భోజనాల దగ్గర అమ్మ ఎముకను కంచం అంచుకేసి టకటకా కొట్టింది, రాలేదు. లేచి వెళ్ళి వంటింటి గట్టు మీద పచ్చడి బండతో ఒక్కటిచ్చింది. చివర చిట్లింది. ఆ చిట్లినచోట నోరు పెట్టి ఒక్క పీల్పు పీల్చి, "నీ పక్షికీ నాకూ తేడా ఏముందిరా, దానికి రెక్కలున్నాయి, నాకు పచ్చడి బండ ఉంది" అంది. ఆ మాటకొస్తే మన పులుసుల్లో రుచంతా ఎక్కడుందో తెలిసిన జాతి మనది. ఎముకలు తినే పక్షిని చూసి చీదరించుకునే హక్కు గుంటూరు జిల్లావాళ్ళకు అసలే లేదు.

ఎముకలే కాదు, గ్రీసు లాంటి చోట్ల తాబేళ్ళనూ అలాగే ఎత్తుకెళ్ళి బండ మీద వేసి పగలగొడుతుంది. గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ సిసిలీలోని గెలా పట్నంలో క్రీస్తు పూర్వం 456 ప్రాంతంలో చనిపోయాడు. ఆయన బట్టతల చూసి బండ అనుకుని ఏదో పక్షి తాబేలును జారవిడిచిందని కథ. కథే, నమ్మాల్సిన పని లేదు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, పెద్దాయన బుర్ర మీద తాబేలు. కానీ కథ కట్టినవాడెవడో ఆ పక్షి పనిని కళ్ళారా చూసి ఉంటాడు. మన గరుత్మంతుడు కూడా పోట్లాడుకుంటున్న ఏనుగునూ తాబేలునూ చెరో కాలితో పట్టుకుని, దింపుకుని తినడానికి చోటు వెతుక్కుంటూ చివరికి కొండ మీదికే వెళ్ళాడు. గజకచ్ఛపాల కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. తాబేలును మోసుకుంటూ బండ కోసం వెతికే పెద్ద పక్షి! ఇదీ అదీ ఒకటేనని నేను అనను. అనుకోవడం మాత్రం బాగుంది.

ఇక పేరు సంగతి. ఆల్ప్స్ కొండల్లో ఈ పక్షి గొర్రెపిల్లల్ని తన్నుకుపోతుందని, అదను దొరికితే పసిపిల్లల్ని కూడా ఎత్తుకుపోతుందని నమ్మేవారు. నిజానికి, తాబేళ్ళ సంగతి పక్కన పెడితే, బతికున్న జంతువు మీద పడటం దానికి బాగా అరుదు. గద్దకున్నట్టు పట్టి చంపే గోళ్ళు కూడా కావవి. కొండ వాలున గొర్రెపిల్ల ఏ జబ్బుకో చచ్చిపోతుంది. రెండు రోజుల తర్వాత దాని ఎముక పట్టుకుని ఎగురుతున్న పక్షి కాపరి కంట పడుతుంది. అంతే, సాక్ష్యం కుదిరిపోయింది. చంపినవాళ్ళకు బహుమతులిచ్చారు, కాల్చారు, విషం పెట్టారు. ఆల్ప్స్‌లో చివరిదాన్ని 1913లో ఇటలీలోని అవోస్తా లోయలో కాల్చేశారు. ఇది గంపెడు పిల్లల్ని పెట్టే జాతి కాదు. ఒకటో రెండో గుడ్లు పెడుతుంది, రెండు పొదిగినా బతికేది ఒక్కటే. ఆ ఒక్కటీ ఈడేరి గూడు కట్టడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఒకదాన్ని కాలిస్తే దాని లోటు పూడటానికి ఒక దశాబ్దం కావాలి.

ఇదంతా చెబితే మా ఆఫీసులో (ఏలూరు రోడ్డు వెనక సందులో రెండు గదులు, దాన్ని ఆఫీసు అనుకుంటాం) తోటి అనువాదకుడు నవ్వాడు. "పేరు వల్ల పక్షి చస్తుందా గురువుగారూ? తుపాకీ వల్ల చస్తుంది. ముందు నమ్మకం, ఆ తర్వాత పేరు. పేరు మారిస్తే తూటా ఆగుతుందా?"

అతనన్నది కొట్టిపారేసే మాట కాదు. పుట్టించింది నమ్మకమే, ఒప్పుకుంటాను. కానీ నమ్మకం ఒక మనిషితో పోతుంది. పేరు పోదు. మొదట అబద్ధం చెప్పిన కాపరి చచ్చి మూడు వందల ఏళ్ళయినా, అతని వాంగ్మూలం ఆ పక్షి మెడలో పలకలా వేలాడుతూనే ఉంది. ఆ కొండలు ఏ దిక్కునున్నాయో సరిగ్గా చెప్పలేని నేను, విజయవాడలో ఫ్యాను కింద కూర్చుని, ఆ వాంగ్మూలాన్ని తెలుగు పిల్లల కోసం మళ్ళీ నమోదు చేయబోయాను. పేరు చేసే పని అది. సాక్షి పోయాక కూడా కేసు నడుపుతుంది.

ఇంకో తమాషా. జర్మన్లే ఆ పేరును దాదాపు వదిలేశారు. ఇప్పుడు వాళ్ళు ఎక్కువగా అనేది బార్ట్‌గయర్, అంటే గడ్డం రాబందు. ఇంగ్లీషు పుస్తకాలు కూడా చాలావరకు అటే మళ్ళాయి. స్పెయిన్‌వాళ్ళకు ఈ బాధే లేదు, వాళ్ళెప్పటి నుంచో కెబ్రాంతావెసోస్ అంటున్నారు, ఎముకలు విరిచేది అని. నేపాలీలో హాడ్‌ఫోర్, అదీ ఎముకలు పగలగొట్టేదే. పక్షిని దగ్గర నుంచి చూసినవాళ్ళు పనిని బట్టి పిలిచారు, భయపడినవాళ్ళు నేరాన్ని బట్టి పిలిచారు. అన్నిటికంటే నన్ను కూర్చోబెట్టింది పర్షియన్ల సంగతి. వాళ్ళ హుమా పక్షి ఇదేనని చాలామంది అంటారు. దాని నీడ ఎవరి తల మీద పడితే వాడు రాజవుతాడని నమ్మకం. 13వ శతాబ్దంలో సాదీ కవి చెప్పిన మాట ఒకటుంది: పక్షులన్నిటిలో హుమాకు గౌరవం ఎందుకంటే, అది ఎముకలు తిని బతుకుతుంది, ఏ ప్రాణినీ నొప్పించదు. చూడండి, అదే ఎముక, అదే ముక్కు. ఒక కొండ మీద హంతకి, ఇంకో కొండ మీద రాజయోగం.

మనమేం తక్కువ తినలేదు. మనకు ఈ పక్షి లేదు గానీ దాని చుట్టాలుండేవి. రాయంచ, రాచిలుక, రాపులుగు అన్న మాటల్లో 'రా' అంటే రాజు, గొప్పది. రాబందులోనూ ఆ 'రా'యే ఉందని నా అనుమానం. అంత దర్జా ఉన్న పేరును తిట్టుగా మార్చుకున్నాం. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వడ్డీ వ్యాపారుల వ్యవహారం బయటపడినప్పుడు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినబడ్డ మాట అదే, "రాబందుల్లా పీక్కుతిన్నారు". నూటికి పది రూపాయల వడ్డీ కట్టించుకుని, ఇల్లు రాయించుకుని, ఆడవాళ్ళ జోలికి కూడా పోయినవాళ్ళకు ఆ పోలిక ఎలా కుదురుతుంది? రాబందు ప్రాణం పోయేదాకా ఆగుతుంది. వాళ్ళు ఆగలేదు. మనిషిని తిట్టడానికి జలగ ఉంది, నల్లి ఉంది, నిజంగా బతికున్నవాడి నెత్తురు తాగేవి. అవి వదిలేసి, చచ్చినదాన్ని శుభ్రం చేసే పక్షిని పట్టుకున్నాం.

ఆ తిట్టు వల్ల జరిగిన నష్టం నేను మా ఇంట్లోనే చూశాను. నాన్న తెనాలి వైపు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నా చిన్నతనంలో ఊరి బయట చెరువు కట్ట వెనక చచ్చిన గొడ్లను పడేసే దిబ్బ ఉండేది. బడి నుంచి వచ్చేటప్పుడు ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళం. పరిగెత్తుతూనే తలతిప్పి చూసేవాళ్ళం కూడా. మెడలు వంచి, రెక్కలు సగం విప్పి, ముసలివాళ్ళ పంచాయితీలా గుండ్రంగా కూర్చుని ఉండేవి. సాయంత్రం గేదె, మర్నాటి మధ్యాహ్నానికి తెల్లటి గూడు. నేను కాలేజీకి గుంటూరు వచ్చాను, ఆ దిబ్బ గురించి మర్చిపోయాను. మళ్ళీ ఎప్పుడో వెళ్ళినప్పుడు అక్కడ కుక్కలున్నాయి. పదో పదిహేనో. రాబందు ఒక్కటీ లేదు. లేదని కూడా నాకు అప్పుడు తోచలేదు.

కారణం 2004లో తేలింది. డైక్లోఫెనాక్. నొప్పికి, వాపుకు వాడే మామూలు మందు. పొదుగు వాచినా, ఎద్దు కుంటినా అదే సూది. ఆ పశువు చస్తే మందు దాని ఒంట్లో మిగులుతుంది, తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లో మెడ వాల్చేస్తుంది. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి మిగిలింది. 2006లో పశువులకు ఆ మందు ఇవ్వడాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో ఆ సీసా సైజు మూడు మిల్లీలీటర్లకు కుదించారు. మెలాక్సికామ్ లాంటి, రాబందులకు హాని చేయని మందు ఉంది. అదే పనికి.

నాన్న అప్పటికి రిటైరయ్యాడు. పేపర్లో వచ్చిన ముక్క నేనే చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. "గొడ్డు నొప్పితో అరుస్తుంటే సూది వేశాను. ఆ సూది అంత దూరం పోతుందని ఎవరికి తెలుసు" అన్నాడు చివరికి. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ కొద్ది ఏళ్ళలో మన ఆకాశంలోంచి ఒక జాతి జాతంతా రాలిపోతుంటే ఊళ్ళో ఒక్కరూ "అయ్యో, రాబందులు ఏమయ్యాయి" అనలేదు. పిచ్చుకలు తగ్గాయంటే ఎంత గోల! ఇప్పటికీ మా వీధిలో వాకిట్లో వరి కుచ్చులు కట్టేవాళ్ళున్నారు, బాల్కనీల్లో మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెడతారు. పెట్టాలి, మంచిదే. కానీ రాబందు కోసం వాకిట్లో ఏమీ కట్టలేం, కనీసం లోటు గుర్తుపట్టి ఉండాల్సింది. తిట్టు పోతే ఎవరు వెతుక్కుంటారు?

ఆల్ప్స్‌లో పేరు తుపాకీకి సాకు ఇచ్చింది. మన దగ్గర మందుకు ఏ సాకూ అక్కర్లేదు, అందరూ మంచికే వాడారు. పేరు చేసిందల్లా ఏడుపు రాకుండా చూడటం. తోటి అనువాదకుడికి ఇదే చెప్పాను. అతను ఒప్పుకోలేదు, ఇంకో పాయింటు తీశాడు. "మంచి పేరు పెడితే బాగుపడుతుందా? పాలపిట్ట సంగతేంటి?" ఈసారి నేను తగ్గాను. పాలపిట్ట, ఎంత ముద్దొచ్చే పేరు. దసరా నాడు కనబడితే అదృష్టం. ఆ అదృష్టం కోసమే దాన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి, రూపాయిలు తీసుకుని దర్శనం చేయిస్తారు. పండగ అయ్యాక అది ఎగరగలదో లేదో ఎవరికీ పట్టదు. కాబట్టి పొగిడే పేరు కూడా నాకు వద్దు. హుమా అని పెడితే రేపు దాని నీడ అమ్ముకుంటారు. వడ్రంగిపిట్టలాగా, అది చేసే పనేదో ఆ పేరులో ఉంటే చాలు. వడ్రంగిపిట్టను చూసి దండం పెట్టేవాడూ లేడు, రాయి విసిరేవాడూ లేడు.

అలాగని గడ్డం రాబందు అనలేకపోయాను. నాలుగు వెంట్రుకల కుచ్చును గడ్డమనడం అటుంచి, రాబందు అనగానే పిల్లవాడు ముఖం చిట్లిస్తాడు, పేజీ తిప్పేస్తాడు. పైగా ఈ పక్షి సోకు చూస్తే మీరూ ఆశ్చర్యపోతారు. నిజానికి దాని రొమ్ము తెలుపు. ఇనుము ఉన్న ఎర్రమట్టి బురద వెతుక్కుని, అందులో పొర్లి, ముక్కుతో ఈకలకు రుద్దుకుని ఆ తుప్పు రంగు తెచ్చుకుంటుంది. ఎర్రమట్టి దొరకని బోనుల్లో పెరిగినవి తెల్లగానే ఉండిపోతాయి. ఎందుకు పూసుకుంటుందన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చుకుంటున్నారు. పేరంటానికి బయల్దేరేముందు పసుపు రాసుకోవడానికి మన ఆడవాళ్ళు మాత్రం కారణం చెబుతారా?

పేరు చివరికి అమ్మ దగ్గర దొరికింది. టీవీలో ప్రవచనం చూస్తూ, "మన సంపాతి ఏమన్నాడో తెలుసా" అంది. కిష్కింధకాండలో రెక్కలు కాలిన సంపాతి కొండ మీద కూర్చుని వానరులకు ఆకాశంలో దారులు చెబుతాడు. మొదటి దారి గింజలు తినే పిచ్చుకలది, రెండోది కాకులదీ పండ్లు తినేవాటిదీ, నాలుగోది డేగలది, ఐదోది గృధ్రాలది. దానిపైన హంసలు, ఆపైన గరుత్మంతుడి సంతతి. అంటే రాబందులది డేగ కంటే ఎత్తు దారి. ఈ కొండ పక్షిని ఎవరెస్టు దగ్గర ఏడు వేల మీటర్లకు పైన చూసినవాళ్ళున్నారు, కాబట్టి సంపాతి లెక్క తప్పేమీ కాదు. బొమ్మల పుస్తకాల్లో జటాయువును గద్దలా గీసేస్తారు, ఆయన గృధ్రరాజు అన్న సంగతి మింగేస్తారు. రాముడు స్వయంగా దహనం చేసిన పక్షి రాబందు అంటే బాగుండదనుకుంటారేమో.

"గృధ్రం అంటే పిల్లలకేం తెలుస్తుందమ్మా?"

"మా అమ్మ రాబందు అనేది కాదు. బోరువ అనేది. బోరువలు దిగాయంటే గొడ్డు పోయిందని అర్థం."

బోరువ. నిఘంటువు తీశాను, ఉంది. ఎవరూ తిట్టుగా వాడని మాట, ఎందుకంటే ఎవరూ వాడటమే లేదు. అరిగిపోకుండా అటక మీద ఉండిపోయిన ఇత్తడి చెంబులా శుభ్రంగా ఉంది. ఎముకల బోరువ అని రాశాను. బయటికి చదివి చూసుకున్నాను. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే "ఆ మాట ఎవరికీ తెలియదండీ" అన్నారు. లామర్‌గయర్ మాత్రం ఎవరికి తెలుసండీ అన్నాను. కాసేపు లైన్లో ఏమీ వినబడలేదు. "సరే, మీ ఇష్టం, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు పేరు కూడా వేయండి" అన్నారు. వేశాను.

ఆల్ప్స్‌లో 1986లో ఆస్ట్రియా లోయల్లో వాటిని మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. 1997లో ఫ్రాన్స్ వైపు ఆల్ప్స్ కొండల్లో మొదటి పిల్ల గూడు విడిచి ఎగిరింది. ఆ ముక్క కూడా పేజీ అడుగున చేర్చాను, చోటు సరిపోక మంచు చిరుత గురించి ఒక వాక్యం కోసేసి.

నిన్న మూడో ప్రూఫు వచ్చింది. డీటీపీ కుర్రాడు 'వ' తినేశాడు. తాటికాయంత అక్షరాలతో 'ఎముకల బోరు' అని ఉంది. ఎర్ర పెన్నుతో 'వ' చేర్చి, పక్కన అతని కోసం రాశాను: బాబూ, ఇది పక్షి, నీళ్ళ బోరు కాదు.